స్కూలు కాల్పుల మృతులకు సంస్మరణ కూడిక: ఒంగోలు టెంట్ హౌస్ ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో ఏ బడిలో కాల్పులు జరిగినా ఆ రాత్రికల్లా ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు ఇళ్లల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. బిడ్డలు అక్కడ చదువుతున్న ఇళ్లు, మనవళ్లు అక్కడి బళ్లకు వెళ్తున్న ఇళ్లు ఇక్కడ ప్రతి పేటలోనూ ఉన్నాయి. వారం తిరక్కముందే ఏదో ఒక సంఘమో, కాలనీ కమిటీయో ‘ఒక సాయంత్రం అందరం కూర్చుని ప్రార్థన చేసుకుందాం’ అంటుంది. ఆ మాట అనుకోగానే వెళ్లేది టెంట్ హౌస్‌కే. ఒంగోలులో ఒక టెంట్ హౌస్ ‘ఆదరణ కూడిక ప్యాకేజీ’ అని ఇచ్చే సర్వీసు గురించి ఈ సమీక్ష. వాళ్ల పేరు రాయడం లేదు. జిల్లాలో మిగతావాళ్లు ఇచ్చేదీ ఇంచుమించు ఇదే సామాను కనుక, ఎవరి దగ్గర మాట్లాడుకున్నా ఈ వివరాలు పనికొస్తాయి.

200 మందికని చెబితే వచ్చేది: షామియానా, సైడు గుడ్డలు, 200 ప్లాస్టిక్ కుర్చీలు, ముందు పరిచే పట్టాలు, తెల్లగుడ్డ కప్పిన రెండు బల్లలు, పోడియం, రెండు స్పీకర్ బాక్సులు, మిక్సర్, యాంప్లిఫయర్, ఒక వైరు మైకు, రెండు కార్డ్‌లెస్ మైకులు, ట్యూబులైట్లు, జనరేటర్, ఒక ఫ్లెక్సీ, కొవ్వొత్తులు, 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు. అడిగితే ఎల్‌ఈడీ స్క్రీన్ కూడా తెస్తారు. సామాను శుభ్రంగా ఉంటుంది, కుర్చీలు కడిగి తెస్తారు, పనివాళ్లు చెప్పిన టైముకే వస్తారు. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇబ్బంది వేరేచోట ఉంది. ఈ ప్యాకేజీ మన ఊళ్లల్లో ఒక పెద్దాయన పోయినప్పుడు పెట్టే కూడికకు, సంవత్సరీకానికి అమర్చింది. అక్కడ గట్టిగా పాటలు ఉండాలి, ఫ్లెక్సీ మీద పెద్ద ఫొటో ఉండాలి, వచ్చిన పెద్దలందరూ మాట్లాడాలి. బడిలో చనిపోయిన పిల్లల కోసం పెట్టే కూడికకు వచ్చేవాళ్లలో సగం మంది చిన్నపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, అమెరికాలో ఉన్న బిడ్డల గురించి భయపడుతున్న అమ్మలు, నాన్నలు. వాళ్లకు కావలసింది నిశ్శబ్దం. కాబట్టి ఈ ప్యాకేజీకి కలపాల్సిన వాటికన్నా తీసేయాల్సినవే ఎక్కువ.

ముందుగా సౌండ్ గురించే చెప్పాలి. ఎక్కువ కూడికలు పాడయ్యేది అక్కడే. యాంప్లిఫయర్ ముందు ఆన్ చేసి తర్వాత మిక్సర్ ఆన్ చేస్తే బాక్సుల్లోంచి ‘ఢబ్’మని ఒక చప్పుడు వస్తుంది. పెళ్లిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. తుపాకీ కాల్పుల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న చోట ఆ చప్పుడు వస్తే పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, పెద్దవాళ్లు గుండె పట్టుకుంటారు. వరస ఇది: ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, యాంప్లిఫయర్ చివర. ఆపేటప్పుడు యాంప్లిఫయర్ ముందు, మిక్సర్ చివర. సౌండ్ అబ్బాయికి ఇది తెలిసే ఉంటుంది, తొందరలో చేయడు. అతని పక్కన మన మనిషి ఒకరు నిలబడాలి. మైకు పనిచేస్తుందో లేదో చూడటానికి వేలితో కొట్టడం, గట్టిగా ఊదడం కూడా వద్దు. జనం రాకముందే, సాయంత్రం 5 గంటలకల్లా, మామూలు మాటలతో టెస్టింగ్ అయిపోవాలి.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేటప్పుడు కూడా అదే ‘ఢబ్’ వస్తుంది. దీనికి మందు, సౌండ్ సెట్‌ను చిన్న యూపీఎస్ మీద పెట్టించుకోవడం. ఈ ప్యాకేజీలో యూపీఎస్ లేదు, విడిగా అడగాలి. దొరక్కపోతే బ్యాటరీతో నడిచే పోర్టబుల్ స్పీకర్లు రెండు చాలు. ఈ కూడికకు మాట వినపడితే చాలు, గట్టిగా మోగనక్కర్లేదు. జనరేటర్‌ను కనీసం 30 మీటర్ల దూరంలో, పొగ జనం మీదకు రాకుండా గాలివాటు చూసి పెట్టించండి.

మైకు కూత పెట్టేది దాని సొంత బాక్సు శబ్దం దానికే తిరిగి వినపడ్డప్పుడు. బాక్సులు రెండూ మాట్లాడేవాళ్లకన్నా ముందు వరసలో, జనం వైపు తిరిగి, కూర్చున్నవాళ్ల తల ఎత్తుకు కాస్త పైన ఉండాలి. కార్డ్‌లెస్ మైకు పట్టుకుని జనంలోకి నడిస్తే కూత తప్పదు. గొట్టం మైకులు చెట్టుకో మేడకో కట్టనివ్వొద్దు. ఉచితంగా ఇస్తామంటారు, అయినా వద్దనండి.

దీనికి చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మైకుకు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటిస్తారు. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్. ఈ ప్రాంతంలో ఇది ఎందుకు ముఖ్యమంటే, పాత మిషన్ కాంపౌండుల్లో చర్చి, బడి, ఆసుపత్రి ఒకే గోడ లోపల ఉండటం మామూలే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరు వచ్చి, 1866లో క్లౌ దొరగారితో ఒంగోలులో స్థిరపడి, అట్లాగే కట్టుకుంటూ పోయారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘాల వారసులే ఇప్పుడు ఆ కాంపౌండుల్లో కూర్చునేది. మన పిల్లల కోసం ఒకప్పుడు ఆ దేశం నుంచి వచ్చి ప్రార్థించారు. ఇప్పుడు ఆ దేశపు పిల్లల కోసం మనం కూర్చోవడంలో వింతేమీ లేదు. పక్క వార్డులో రోగి నిద్రపోతున్నాడన్న ఎరుక మాత్రం ఉండాలి.

ఇక మౌనం. ‘ఒక నిమిషం మౌనం’ అని చెప్పి 20 సెకన్లకే ‘ఆమేన్’ అనేస్తారు. పూర్తిగా రెండు నిమిషాలు పెట్టండి, గడియారం పట్టుకునే బాధ్యత ఒకరికి అప్పగించండి. కీబోర్డు వాయించే అబ్బాయి అలవాటుగా ప్యాడ్ సౌండ్ (వెనక సన్నగా సాగే స్వరం) పెడతాడు. మౌనంలో అది వద్దని ముందే చెప్పాలి. ఆ రెండు నిమిషాలూ పనివాళ్లు ఎక్కడా కదలకూడదు. మేస్త్రీకి చెప్పకపోతే సరిగ్గా అప్పుడే వెనక వరసలో ఖాళీ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పడేస్తుంటారు. జనమంతా గేటు దాటాకే కుర్చీలు ఎత్తాలని స్లిప్ మీద రాయించుకోండి.

బెలూన్లు వద్దు. పిల్లల కార్యక్రమం కదా అని తెల్ల బెలూన్లు అలంకరణలో కలిపేస్తున్నారు. ఒక్కటి పగిలినా తుపాకీ చప్పుడే. మన వైపు అంతిమయాత్రల్లో టపాసులు కాల్చే అలవాటు ఉంది కాబట్టి, అది కూడా వద్దని నోరు తెరిచి చెప్పాల్సిందే.

కొవ్వొత్తుల విషయంలో ఈ ప్యాకేజీ బాగా వెనకబడి ఉంది. 200 సన్న తెల్ల కొవ్వొత్తులు, 200 టీ కప్పులు ఇస్తారు. కప్పు అడుగున చిల్లు పెట్టి కొవ్వొత్తి గుచ్చి పట్టుకోవాలి. ఒంగోలులో సాయంత్రం సముద్రపు గాలి తగులుతుంది. ఆ గాలికి మంట పక్కకు వాలి మైనం ఒకవైపే కరిగి చేతిమీద పడుతుంది. టీ కప్పు లోపలి పల్చని ప్లాస్టిక్ పూత మంటకు ముడుచుకుని అంటుకుంటుంది కూడా. నైలాన్ చున్నీలు, సింథటిక్ చీరలు పక్కపక్కనే ఉన్నచోట ఇది ప్రమాదం. దీనికి బదులు మట్టి ప్రమిదలు మేలు. కొత్త ప్రమిదలను ముందురోజు రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉదయం తీసి ఆరబెట్టాలి, లేకపోతే మట్టే నూనె పీల్చేస్తుంది. వాటిని ఎవరి చేతికీ ఇవ్వకుండా ముందున్న బల్లమీద, ఇసుక పోసిన పళ్లెంలో వరసగా పెట్టాలి. ఆ బల్లకు, మొదటి వరసకు మధ్య రెండు మీటర్లు ఖాళీ ఉంచండి. ఆ బల్లమీద తెల్లగుడ్డ తీసేయించండి. ఒక బకెట్ నీళ్లు, ఒక బకెట్ ఇసుక బల్లకింద ఉండాలి.

పిల్లలకు కూడా ఏదో ఒకటి చేతిలో ఉండాలనుకుంటే బ్యాటరీ కొవ్వొత్తులు ఇవ్వొచ్చు. కానీ వాటిలో ఉండేది బిళ్లలాంటి బటన్ బ్యాటరీ. చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అడుగున మూత స్క్రూతో బిగించి ఉన్నవే కొనండి. గోటితో తెరిస్తే వచ్చే రకం ఎంత చవకైనా వద్దు. ఇంటికి వెళ్లేటప్పుడు లెక్కపెట్టి తిరిగి తీసుకోవాలి. ఐదేళ్లలోపు వాళ్లకు అసలు ఇవ్వొద్దు.

ఎన్ని దీపాలు వెలిగించాలి అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కమిటీలు గంటలకొద్దీ తగువులాడుకునేది దీనిమీదే. 2012 డిసెంబరు 14న న్యూటౌన్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. వారం తర్వాత ఆ ఊళ్లో గంటలు 26 సార్లు మోగాయి. హంతకుణ్ణి, ఇంట్లో అతను ముందే చంపిన తల్లిని ఆ లెక్కలో చేర్చలేదు. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మంది చనిపోతే, అక్కడి స్మారకంలో హంతకుడి కోసం 33వ రాయి పెట్టినప్పుడు పెద్ద చర్చే జరిగింది. 2006 అక్టోబరు 2న పెన్సిల్వేనియాలోని నికెల్ మైన్స్‌లో చిన్న బడిలో పదిమంది ఆడపిల్లల మీద కాల్పులు జరిగి ఐదుగురు చనిపోయారు. అది ఆమిష్ అనే, పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ సంఘం బడి. ఆ ఆమిష్ పెద్దలు హంతకుడి భార్య ఇంటికి వెళ్లి ఓదార్చారు, అతని సమాధికి కూడా వెళ్లి నిలబడ్డారు. పది రోజులకు ఆ బడి కట్టడాన్ని కూల్చేసి, వేరేచోట కొత్త బడి కట్టుకున్నారు. క్షమించే హక్కు వాళ్లది, ఎందుకంటే బిడ్డలు వాళ్లవి. వేల మైళ్ల అవతల కూర్చున్న మనం ఆ తల్లుల తరఫున క్షమాపణ ప్రకటించకూడదు. కాబట్టి దీపాలు మృతుల లెక్కకే పెట్టండి. హంతకుడి కుటుంబాన్ని ప్రార్థనలో ఒక్క మాటతో తలచుకోండి. అతని పేరు పలకొద్దు, ఫొటో చూపొద్దు.

పేర్లు చదవడానికి మనం అనుకున్నంత టైము పట్టదు. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. ఒక్కో పేరు, తర్వాత కాస్త ఆగడం కలిపి 8 సెకన్లు వేసుకుంటే 21 పేర్లకు మూడు నిమిషాలలోపే. ఒక్కరే చదవాలి. పేర్లు తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. స్పానిష్ పేర్లలో ‘జె’ అక్షరాన్ని ‘హ’ అని పలుకుతారు, జోస్ అని కాదు, హోసే. అక్కడి పెద్దలు చదివిన వీడియో ఒకసారి విని సరిచూసుకుంటే చాలు. పేరు తప్పు పలకడం కన్నా పేరు చదవకపోవడం మేలని కొందరంటారు. అది సరికాదు, కాస్త ముందుగా చూసుకుంటే తప్పు రాదు.

ఎల్‌ఈడీ స్క్రీన్ వద్దనండి. స్క్రీన్ ఉంటే దానిమీద ఏదో ఒకటి వేయాలనిపిస్తుంది. చివరికి వార్తా చానళ్ల క్లిప్పులు, పిల్లలు చేతులెత్తి బయటికి పరిగెత్తే దృశ్యాలు పడతాయి. ఆ దృశ్యాలు మళ్లీ మళ్లీ చూసిన చిన్నపిల్లలకు అది ఇంకా జరుగుతూనే ఉందనిపిస్తుంది. ఫ్లెక్సీ కూడా అక్కర్లేదు. దానిమీద చివరికి చనిపోయిన పిల్లల ఫొటోల కన్నా కమిటీ పెద్దల ఫొటోలే పెద్దవి అవుతాయి. తెల్లటి కాటన్ గుడ్డ మీద ఊరి పేరు, తేదీ చాలు. ఈ రెండూ తీసేస్తే ప్యాకేజీ రేటు తగ్గించాల్సి ఉంటుంది. అడగకపోతే వాళ్లు తగ్గించరు.

టైము గురించి. మౌల్వీ గారిని పిలిస్తే మగ్రిబ్ నమాజు అయ్యాకే మొదలుపెట్టాలి. ఒంగోలులో సూర్యాస్తమయం డిసెంబరులో ఐదున్నర దాటాక, జూన్ చివర ఆరున్నర దాటాక. గుడిలో సాయంత్రం హారతి కూడా ఆ వేళకే. 7 గంటలకు మొదలుపెడితే అందరికీ కుదురుతుంది, 8కి ముగించాలి. అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపే వేసవి సమయం నడిచే రోజుల్లో మన 7 గంటలంటే న్యూజెర్సీలో ఉదయం తొమ్మిదిన్నర, టెక్సస్‌లో ఎనిమిదిన్నర. నవంబరు నుంచి మార్చి దాకా న్యూజెర్సీలో ఎనిమిదిన్నర, టెక్సస్‌లో ఏడున్నర. అక్కడున్న పిల్లలు వీడియోలో చూడాలంటే శనివారం మంచిది. ఆదివారం వాళ్లూ ఆరాధనకు వెళ్లే వేళ అది. ఫోన్‌లో సొంత మైకుతో కాకుండా మిక్సర్ నుంచి వైరు తీసి ఇస్తే వాళ్లకు మాట స్పష్టంగా వినపడుతుంది. ఆ వైరు ఈ టెంట్ హౌస్ దగ్గర ఉంది, అడిగితే ఇస్తారు.

మాట్లాడేవాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నెల్లూరులో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో అన్ని మతాలవాళ్లూ పక్కపక్కనే దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఈ జిల్లాల్లో కలిసి ప్రార్థించడం ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని కాదు. కానీ పోడియం ఎక్కగానే కొందరికి అది ప్రసంగం అయిపోతుంది. పాస్టరు గార్లకు ఒక విన్నపం. ఈ కూడికలో రక్షణ పిలుపు (యేసును నమ్మి ముందుకు రమ్మని పిలవడం) వద్దు, కానుక సంచి వద్దు. రోమా 8:28 చదవొద్దు. అన్నీ మేలుకే జరుగుతాయని అప్పుడే బిడ్డను పోగొట్టుకున్న తల్లి చెవిన పడితే, ఆమె బిడ్డ చావు కూడా మేలే అన్నట్టు వినపడుతుంది. ‘దేవుడికి పువ్వు కావాల్సి వచ్చింది, కోసుకున్నాడు’ అన్న మాట ఇంకా ఘోరం. చిన్నపిల్లలు దాన్ని అక్షరాలా నమ్ముతారు. 34వ కీర్తన, యోహాను 11వ అధ్యాయంలో లాజరు చనిపోయినప్పుడు యేసు కన్నీళ్లు విడిచిన చోటు, ఈ రెండూ చాలు. వీటికి వ్యాఖ్యానం కూడా అక్కర్లేదు.

కాల్పులు బడికే పరిమితం కాలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2023 మార్చి 27న నాష్‌విల్‌లో కాల్పులు జరిగింది చర్చి నడిపే బడిలోనే. 2025 ఆగస్టు 27న మినియాపొలిస్‌లో పిల్లలు ప్రార్థనలో ఉండగానే చర్చి కిటికీల్లోంచి కాల్చారు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ‘మందిరంలో ఉంటే ఏమీ కాదు’ అని పిల్లలకు చెప్పిన మాట మర్నాటికి నిలవదు. ‘నీ చుట్టూ పెద్దవాళ్లం ఉన్నాం, భయం వేస్తే వచ్చి చెప్పు’ అనండి, అది మనం నిలబెట్టుకోగలిగిన మాట.

పిల్లల కోసం పక్కన ఒక పట్టా వేయించండి. ప్యాకేజీలో వచ్చే పట్టాల్లోంచే ఒకటి తీసి, సైడు గుడ్డ అడ్డం కట్టి, తెల్లకాగితాలు, రంగు పెన్సిళ్లు పెట్టి, ఇద్దరు టీచర్లను కూర్చోబెట్టండి. పిల్లలు ఏమి విన్నారో ముందు అడగాలి, తర్వాత దానికి మాత్రమే జవాబు చెప్పాలి. ఏం బొమ్మ గీయాలో చెప్పొద్దు, తుపాకీ గీస్తే లాక్కోవద్దు. ఇంటికి వెళ్లాక కొన్నాళ్లు కడుపునొప్పి అనడం, పక్క తడపడం, బడికి వెళ్లనని ఏడవడం మామూలే. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఈ ముక్కలు, కింద మూడు నంబర్లు ఒక చిన్న కాగితం మీద అచ్చువేసి గేటు దగ్గర ఇవ్వండి. 14416 టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. పిల్లల కోసం 1098. అమెరికాలో ఉన్న బిడ్డలకు 988.

ఓ సంగతి టెంట్ హౌస్‌కు సంబంధం లేకపోయినా చెప్పాలి. బొమ్మలు కొని అక్కడికి పార్శిల్ చేయొద్దు. న్యూటౌన్‌కు వేలకొద్దీ టెడ్డీ బేర్లు వచ్చి, వాటిని సర్దడమే ఆ ఊరికి పెద్ద పనైపోయింది.

షామియానాకు వస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు, తుపానులు. మామూలు గుడ్డ షామియానాలో నీళ్లు బొడ్డులా నిలిచి గుంజలతో సహా కుంగుతుంది. ఆ నెలల్లో వాలుగా కట్టిన టార్పాలిన్ అడగండి, లేదా హాల్ లోపల పెట్టుకోండి. మే నెలలో సైడు గుడ్డలు తీసేయండి, నీళ్ల క్యాన్లు రెట్టింపు చేయండి. మామూలు సాయంత్రం మనిషికి అరలీటరు లెక్కన 200 మందికి 5 క్యాన్లు, ఎండాకాలం 10.

మొత్తం మీద ఈ టెంట్ హౌస్ సామానుకు, పనివాళ్ల మర్యాదకు మంచి మార్కులే ఇవ్వాలి. కొవ్వొత్తులకు, ఫ్లెక్సీకి, స్క్రీన్‌కు సున్నా. ఈ కూడికకు ఏం కావాలో వాళ్లకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, చెబితే చేస్తారు. పైవన్నీ విడివిడిగా స్లిప్ మీద రాయించుకోండి, లోడింగ్, అన్‌లోడింగ్ కూలీ అందులోనే ఉందో లేదో అడగండి. మాఘం, ఫాల్గుణం, శ్రావణం పెళ్లిళ్ల సీజన్‌లో శనివారం సాయంత్రం కుర్చీలు దొరకవు. అప్పుడైతే శుక్రవారం పెట్టుకుని, జుమ్మా నమాజుకు వచ్చినవాళ్లకు అక్కడే కబురు చెప్పించండి.